లేని గోడ చూపిస్తానని వదినను హైదరాబాదు తీసుకుపోయాను

ఇందుమూలంగా యావన్మంది ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, మార్కాపురం పట్టణ వాస్తవ్యురాలు, నాకు స్వయానా వదిన అయిన కాశమ్మగారు గత ఆదివారం సాయంత్రం ఒక జత కొత్త చెప్పులు కొన్నారు. రంగు కాఫీపొడి రంగు. ఎడమకాలిది కొంచెం బిగువు. ఈ సందర్భంగా ఊరేగింపులూ అభినందన సభలూ ఏర్పాటు చేయవద్దని కుటుంబసభ్యుల మనవి.

మీరు నవ్వుకోవచ్చు. నేను మాత్రం ఆ వార్త విని వణికిపోయాను. ఎందుకంటే ఆ చెప్పులు కొన్నది హైదరాబాదు పోవడానికి. హైదరాబాదు పోయేది ఒక గోడను చూడటానికి. ఆ గోడ ఎక్కడా లేదు. దాన్ని కట్టింది నేను, నా నోటితో.

మా ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మార్కాపురం చుట్టుపక్కల భూమిలో పలకరాయి దొరుకుతుంది. ఒకప్పుడు బడిపిల్లల పలకలు ఇక్కడినుంచే పోయేవి. ఇప్పుడు అదే రాయిని బిళ్లలు చేసి గోడలకూ నేలకూ అతికిస్తున్నారు. గనిలోంచి వచ్చిన దిమ్మను నిలబెట్టి, పక్కనుంచి ఉలి ఆనించి సుత్తితో సన్నగా తడితే రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. చెప్పడానికి ఇంతే. దెబ్బ కొంచెం ఎక్కువైతే ముక్కలవుతుంది, తక్కువైతే అసలు విడవదు. మా వదిన ముప్ఫై అయిదేళ్లు ఆ పని చేసింది. నేను ఏడో తరగతిలో బడికి సెలవు చెప్పి ఆమె పని చేసే రాళ్ల యార్డులోనే లోడింగుకు చేరాను. ఆమె చీల్చిన రాయిని నేను లారీకి ఎక్కించేవాణ్ణి. ఎక్కిన రాయి ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలియదు. డ్రైవర్లు ఒకరు హార్బరు అనేవాళ్లు, ఒకరు హైదరాబాదు అనేవాళ్లు, పట్టా కప్పి తాళ్లు బిగించి పోయేవాళ్లు.

పదేళ్ల కిందట ఒకరోజు యార్డులో అన్నం తింటున్నప్పుడు వదిన అడిగింది.

"అబ్బయ్యా, ఇంత రాయి చీలుస్తుండాం గదా, యాడ పెడ్తారు దీన్నంతా?"

నా నోరు ఊరికే ఉండదు. "హైదరాబాదులో పెద్ద గోడ కట్టినారు వదినా. మూడంతస్తులు. నువ్వు చీల్చిన రాయంతా దానికే. జనం దాని ముందర నిలబడి ఫోటోలు దిగుతారంట" అన్నాను. నవ్విద్దామని అన్న మాట అది. ఆమె నవ్వలేదు. కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని, "ఎంత ఎత్తుంటాది?" అంది. అంత శ్రద్ధగా అడిగిన మనిషికి అబద్ధమని ఎట్లా చెప్పను? అప్పటినుంచి ఆ గోడ పెరుగుతూ వచ్చింది. ఒక ఏడు దానికి లైట్లు పెట్టాను. మరో ఏడు చుట్టూ తోట వేశాను. మా అన్న ఒకటి రెండుసార్లు నా వైపు అనుమానంగా చూశాడు గానీ ఏమీ అనలేదు.

ఈ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. కింద కూర్చుని పని చేయలేనని యార్డుకు పోవడం మానేసింది. మానేసిన వారానికి నన్ను పిలిచి, "ఆ గోడ ఒక్కసారి చూపియ్యి అబ్బయ్యా. ఇన్నేండ్లు ఏం చేసినానో నా కండ్లతో నేను చూసుకోవాల" అంది. పక్కన కూర్చున్న అన్న, "చూపియ్యరా. నువ్వే గదా చెప్పినావు" అన్నాడు. ఊరందరినీ ఆటపట్టించేవాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు. నేను చెప్పింది వదిన నమ్మింది.

మార్కాపురం నుంచి హైదరాబాదుకు అడవిదారిన పోతే ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. మేం పొద్దున ఆరు గంటల బస్సెక్కాం. టికెట్ ఒక్కొక్కరికి అయిదారు వందల మధ్య. కిటికీ పక్క సీటు వదినకు ఇచ్చాను. పెద్దదోర్నాలలో టిఫిన్‌కు ఇరవై నిమిషాలు ఆపారు. అక్కడ దిగేవాళ్లలో ముప్పాతికమంది శ్రీశైలం పోయేవాళ్లే కాబట్టి, ప్లేట్లో దోసె వేస్తున్న హోటలామె మమ్మల్ని కూడా ఆ లెక్కలోనే వేసింది.

"దర్శనానికా అక్కా?"

"కాదు మే, గోడ చూసేదానికి పోతుండాం. హైదరాబాదుకు" అంది వదిన.

"గోడనా? మల్లన్నను దాటిపోయి గోడ చూస్తారా?"

"మల్లన్న యాడికీ పోడు. వచ్చేటప్పుడు చూస్తాం. ఆ గోడ నేను చేసిన రాయితో కట్టింది."

హోటలామె చేతిలో అట్లకాడ ఆగిపోయింది. వదిన ముఖం చూసి, చట్నీ ఇంకో గరిటె వేసింది. చెక్‌పోస్టు దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. వాంతుల భయం ఉన్నవాళ్లు టిఫిన్ తక్కువ తినండి. శ్రీశైలం డ్యామ్ మీదుగా అవతలికి దాటి, మన్ననూరు, కల్వకుర్తి మీదుగా మధ్యాహ్నం మూడుకు హైదరాబాదు చేరాం. ఎల్బీనగర్లో మా చెల్లెలి ఇంట్లో దిగాం.

మర్నాడు పొద్దున ఎనిమిదికి బయల్దేరాం. ఎల్బీనగర్ నుంచి మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే చార్మినార్ దగ్గర. ఇరవై నిమిషాలు కూడా పట్టదు. మెట్లకు బదులు లిఫ్టు ఉంది కాబట్టి మోకాళ్లకు ఇబ్బంది లేదు. స్టేషన్ లోపలికి అడుగు పెట్టగానే వదిన వంగి, వేలి కణుపుతో నేల మీద కొట్టి చూసింది. "గ్రానైటు. మనది కాదు" అంది. లేచి గోడ మీద కొట్టింది. "ఇది ఉత్త సిమెంటు." ఆ రోజు హైదరాబాదు గోడలన్నిటికీ ఆమె హాజరు తీసుకుంది. నేను వెనకాలే నడుస్తూ, దారినపోయేవాళ్లను చూసి వెర్రినవ్వు నవ్వుతూ, ఎక్కడైనా ఒక జానెడు పలకరాయి కనిపించకపోతుందా అని కళ్లు చించుకుని చూస్తున్నాను. ఇంత పెద్ద నగరంలో ఒక్క గోడ దొరక్కపోదని నా ఆశ.

చార్మినార్ పైకి టికెట్ ఇరవై అయిదు రూపాయలు. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులవాళ్లు కిందనుంచే చూడండి, కిందనుంచి కూడా అందమే. వదిన తల ఎత్తి నాలుగు మినార్లూ ఒక్కొక్కటే చూసింది. తర్వాత దగ్గరికి పోయి స్తంభం మీద టకటకమని కొట్టింది. గార్డు పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నరమ్మా? కొట్టద్దు!"

"కొట్టడం లేదు నాయనా, వింటుండా" అంది వదిన.

"ఏం వింటున్నరు?"

ఆమె నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "సార్, ఈమె రాళ్ల డాక్టరు. మార్కాపురం నుంచి వచ్చినారు. నాడి చూస్తుండారు." గార్డు ఆమె వైపు పైనుంచి కింద దాకా చూసి, అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. వదిన కూడా తిరిగి దండం పెట్టి, "సున్నం పని గట్టిగుండాది. ఇంకా శానా ఏండ్లు ఉంటాది" అని రిపోర్టు ఇచ్చింది. అక్కడినుంచి బయటపడి ఇరానీ చాయ్ తాగాం.

చార్మినార్ నుంచి గోల్కొండకు పది, పదకొండు కిలోమీటర్లు. ఒక్కో చోటికి ఒక్కో ఆటో మాట్లాడుకునే కంటే రోజంతటికీ ఒకటే మాట్లాడుకోవడం నయం. జహీర్ అనే డ్రైవరు పదిహేను వందలు అడిగి పన్నెండు వందలకు ఒప్పుకున్నాడు. గోల్కొండ, ట్యాంక్‌బండ్, చివరికి ఎల్బీనగర్. ఎక్కీ ఎక్కగానే వదిన ముందుకు వంగింది.

"నాయనా, ఈ ఊర్లో పలకరాయితో కట్టిన పెద్ద గోడ, మూడంతస్తులది, లైట్లుంటాయంట, తోట ఉంటాదంట. యాడుండాదో తెల్సునా?"

"ఇరవై ఏండ్ల సంది ఆటో నడుపుతున్నమ్మా. గసొంటి గోడ నేనైతే..." అంటూ జహీర్ అద్దంలో చూశాడు. అద్దంలో నేను రెండు చేతులూ జోడించి ఉన్నాను. అతను దగ్గాడు. "హా, హా! ఆ గోడా? ఉన్నది ఉన్నది."

"అది ఇప్పుడు రిపేరులో ఉందంట వదినా. గుడ్డ కప్పినారంట" అన్నాను.

"అయ్యో, ఏమైంది దానికి?" అని ఆమె కంగారుపడింది. ఆ కంగారు చూసి జహీర్ నాకేసి మళ్లీ చూశాడు. ఈసారి ఆ చూపులో స్నేహం లేదు.

గోల్కొండలో లోపలికి పోగానే గుమ్మటం కింద గైడ్లు చప్పట్లు కొడుతుంటారు. ఇక్కడ కొడితే కొండ మీద వినిపిస్తుంది. మాకు దొరికిన గైడు కుర్రవాడు కాదు, తల నెరిసిన పెద్దమనిషి, అనుభవం ఉన్నవాడు. అతను చప్పట్లు కొట్టగానే అందరూ పైకి చూశారు. వదిన ఒక్కతే కళ్లు మూసుకుంది. తర్వాత గోడకు చెవి ఆనించి కణుపుతో కొట్టి విన్నది.

"ఏం వినిపిస్తుంది వదినా?" అన్నాను.

"రాయి మోగుతుండాది. లోపల పగులు ఉంటే ఇట్ల మోగదు అబ్బయ్యా. మన రాయి గూడా అంతే. చీల్చినాక ప్రతి బిళ్లా తట్టి చూసేదాన్ని. ఖంగుమంటే లారీకి, దబ్బుమంటే కుప్పలోకి. కండ్లు మోసపోతాయి గానీ చెవి మోసపోదు. ఈ రాయి చీలదు, ఇది మొండిది. దీన్ని ఇంత నున్నగ చెక్కినోళ్లకు దండం పెట్టాల."

గైడు ఆ మాటలు విని, "అమ్మా, ఇన్నేళ్లలో నేను చెప్పని ముక్క నువ్వు చెప్పావు" అని ఫీజు వద్దన్నాడు. మేం పై దాకా ఎక్కలేదు. కింద దర్వాజాలు, ఆయుధశాల వరకు చూసుకుని నీడలో కూర్చున్నాం. కోట పూర్తిగా ఎక్కి దిగాలంటే రెండు గంటలు పెట్టుకోండి, ఎండ ముదరకముందే పోండి, నీళ్ల సీసా మరిచిపోకండి.

మధ్యాహ్నం టోలిచౌకి దాటాక ఒక మెస్సులో భోజనం. ప్లేటు నూట ఇరవై, పప్పు బాగుంది, పెరుగు పలుచన. జహీర్ కూడా మాతోనే తిన్నాడు. వదిన రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది.

"పొద్దున్నించి అన్నీ చూపిచ్చినావు అబ్బయ్యా. శానా బాగుండాయి. రాజులవి, నవాబులవి." ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "నాది యాడ?"

నేను ఆమ్లెట్ చెప్పనా అని అడిగాను. జహీర్ చెయ్యి కడుక్కునే చోట నన్ను పట్టుకున్నాడు. "అన్నా, ఆ గోడ లేదు గదా?" అన్నాడు. లేదన్నాను. "మరి సాయంత్రం ఆ అమ్మకు ఏం చూపిస్తవు? ట్యాంక్‌బండ్ల నీళ్లు చూపిస్తవా?" ఆటోలో కూర్చున్నాక చెప్పేద్దాం అనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అల్లుకున్నాను. జీవితంలో అబద్ధం అల్లడానికి నేను ఎప్పుడూ అంత కష్టపడలేదు.

మూడున్నరకు మెహదీపట్నం దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. జహీర్ ఆటోను ఒక సందులోకి తిప్పాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"వదినా, ఆ గోడ సంగతి ఒక మాట..."

"ఆపు! ఆపు నాయనా ఆటో!" అని అరిచింది వదిన.

సందు మలుపులో మేడ ఉన్న ఇల్లు. ముందుగోడంతా వెదురు కర్రలు కట్టి, పచ్చ వల సగం కప్పి ఉంది. వల లేని చోట పలకరాయి. నలుపు, బూడిదరంగు, అక్కడక్కడా తుప్పు పసుపు, కొంచెం ఆకుపచ్చ. అది మా మార్కాపురం రాయేనని నిద్రలో చూపించినా చెబుతాను.

"రిపేరు అన్నావు గదా, గుడ్డ కప్పినారు అన్నావు గదా. ఇదే గదా?"

జహీర్ ఇంజన్ ఆపి నా ముఖం చూశాడు. "ఇదే వదినా" అన్నాను. మూడంతస్తులు కాదు, రెండే. తోట లేదు, రెండు తులసి కుండీలున్నాయి. అవేవీ ఆమెకు పట్టలేదు. కర్రల మీద కూర్చున్న మేస్త్రీ గడ్డపలుగుతో ఒక బిళ్లను పెళ్లగించి కింద పడేశాడు. అది ఇసుకలో పడి రెండయింది. వదిన ఆటో దిగి మోకాళ్ల నొప్పి మరిచిపోయి నడిచింది.

"ఓ నాయనా! ఎందుకు పీకుతుండావు?"

"ఈ రాయి మంచిగ లేదమ్మా. రాలిపోతున్నది. మొన్న ఒకటి స్కూటర్ మీద వడ్డది" అన్నాడు పాలమూరు మేస్త్రీ. "మొత్తం తీసేసి టైల్స్ ఎయ్యమన్నరు. రేపటికల్లా అయిపోతది."

"రాయి మంచిగ లేదా?" వదిన కింద పడిన బిళ్ల ఒకటి తీసి వెనక్కు తిప్పింది. అయిదు చోట్ల మాత్రం సిమెంటు ముద్దల గుర్తులున్నాయి, నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. మిగతాదంతా రాతి దుమ్ము. "ఇట్ల చూడు. అయిదు ముద్దలు పెట్టి అంటించినారు, దోసెకు ఎర్రకారం రాసినట్టు గూడా రాయలేదు. ఎనక దుమ్ము కడగలేదు. సందులో వాననీళ్లు దూరి కూర్చుంటే రాయి ఏం చేస్తాది? రాయిది తప్పా, అంటించినోనిది తప్పా?"

మేస్త్రీ తలగోక్కున్నాడు. "అది నేను ఎయ్యలేదమ్మా, ముందటోళ్లు ఏసిన్రు."

ఈ గొడవకు ఇంటావిడ బయటికి వచ్చింది. రిటైరైన ఉద్యోగస్తురాలిలా ఉంది, కళ్లజోడు, చేతిలో ఫోను. "ఎవరండీ మీరు? కంపెనీవాళ్లా?" అంది. నా నాలుక దురద పెట్టింది. ఔను మేడమ్, హెడ్డాఫీసు నుంచి వచ్చాం అనే మాట పెదవి దాకా వచ్చింది. ఈలోపల వదిన చెప్పేసింది.

"మాది మార్కాపురమమ్మా. ఈ రాయి చీల్చేటోళ్లం."

"మార్కాపురమా? ఇది ఫారిన్ రాయండీ. షాపువాడు అట్లా చెప్పే అమ్మాడు. రేటు కూడా అట్లాగే వేశాడు."

వదిన ఆ బిళ్లను చీరకొంగుతో తుడిచి ఆమె చేతికిచ్చింది. "అయితే ఆ ఫారిన్‌దాన్ని నేనేనమ్మా."

జహీర్ పకపకా నవ్వాడు. ఇంటావిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పుడు వదిన అసలు మాట అడిగింది. "ఒక గంట టైమియ్యి తల్లీ. యా రాయి పట్టు ఇడిచిందో, యాది గట్టిగుండాదో నేను చెప్తా. పట్టు ఇడిచినవి మాత్రం తీసి మళ్ల అంటించుకో. ఒక్కటీ గట్టిగ లేకపోతే అప్పుడు అన్నీ పీకించు, నేను అడ్డం రాను." ఇంటావిడ మేస్త్రీని చూసింది. మేస్త్రీ, "నాకేమున్నదమ్మా, చూస్త" అన్నాడు.

వదిన కర్రలు ఎక్కలేదు కాబట్టి ఎక్కవలసిన ప్రాణి నేనే అయ్యాను. నాకు ఎత్తు అంటే భయం. అరుగు మీద ఉన్న ప్లాస్టిక్ కుర్చీని వదిన గోడకు ఎదురుగా వేయించుకుని కూర్చుని కళ్లు మూసుకుంది. నేను ఒక చేత్తో వెదురు కర్రను కౌగిలించుకుని, రెండో చేత్తో తాపీ పిడితో ఒక్కో బిళ్లా కొట్టాను. మేస్త్రీ సుద్దముక్క పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

"కొట్టు. బాగుండాది. పక్కది. బాగుండాది. పక్కది. ఆ, మళ్ల కొట్టు. డొల్ల. గీత గియ్యి."

పావుగంట గడిచాక సందులో పోయేవాళ్లు నలుగురైదుగురు ఆగారు. నాలోని పాత మనిషి ఊరుకోలేదు. పై వరసలో ఒక బిళ్ల కొట్టి, రెండడుగులు జరిగినట్టు కాళ్ల చప్పుడు చేసి, మళ్లీ అదే బిళ్లను కొట్టాను.

"అది ముందరే కొట్టినావు" అంది కింద నుంచి, కళ్లు తెరవకుండానే. "తమాషాలు సాలించి పని చెయ్యి."

మేస్త్రీ నోరు తెరిచి నన్ను చూశాడు. ఆ క్షణం నుంచి అతను ఆమెను అమ్మా అనడం మానేసి మేడమ్ అన్నాడు. గంటన్నర పట్టింది. ఉన్నవి మూడు వందల పైచిలుకు బిళ్లలు. సుద్దగీత పడ్డవి ముప్ఫై ఒకటి. మేస్త్రీ అనుమానం తీరక గీత ఉన్నది ఒకటి పెళ్లగించాడు. పలుగు ఆనించగానే ఊడి వచ్చింది, వెనక అవే అయిదు ముద్దలు. గీత లేనిది ఒకటి పెళ్లగించబోతే పలుగు వంగింది గానీ రాయి కదల్లేదు.

"వద్దులే ఇక" అంది ఇంటావిడ. "మేస్త్రీ, ఆ ముప్ఫై ఒకటీ తీసి సరిగ్గా అతికించు. టైల్స్ పెట్టెలు వాపసు పంపుదాం. ఈ గోడ ఉంటుంది."

వదిన కుర్చీలోంచి లేచి మేస్త్రీకి పాఠం చెప్పింది. వెనక బ్రష్షుతో కడగాలి, తడి ఆరకముందే సిమెంటు అంచుల దాకా నిండుగా పూయాలి, అదిమి పట్టాలి, తట్టి వినాలి. మేస్త్రీ బుద్ధిగా తలూపాడు. ఇంటావిడ టీ ఇచ్చి, "గోడ ముందర నిలబడండమ్మా" అని తన ఫోనుతో ఫోటో తీసింది. కొంగు సర్దుకుని నిలబడిన వదినను చూస్తుంటే, ఆమె చీల్చిన రాయిని ఎత్తి లారీలో పెట్టిన నా భుజాలు కూడా కొంచెం వెడల్పయినట్టు అనిపించింది.

పోయేముందు ఆమె గోడ దగ్గరికి పోయింది. రొమ్ము ఎత్తులో ఉన్న ఒక నల్ల బిళ్ల అంచును బొటనవేలితో పైనుంచి కిందికి తడిమింది. మా వదినది ఎడమచేతి వాటం. అందరి ఉలి గీతలూ ఒక వైపు వాలితే ఆమెవి రెండో వైపు వాలతాయి. ఆ బిళ్ల అంచు గీతలు రెండో వైపుకే వాలి ఉన్నాయి. "ఇది నా చెయ్యే అబ్బయ్యా" అంది వదిన. జహీర్ తల పక్కకు తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

ట్యాంక్‌బండ్ చేరేసరికి ఆరు. గాలి బాగుంది. బుద్ధుడి దగ్గరికి బోటు ఉంది గానీ వదిన ఒడ్డునే కూర్చుంటానంది. అక్కడ చెప్పేశాను. గోడ అబద్ధమని, పదేళ్లుగా అబద్ధమని, ఆ సందులో ఆ ఇల్లు కనిపించడం నాకూ కొత్తేనని. ఆమె వేరుశనగకాయ ఒలుస్తూ విన్నది. "లైట్లు?" అంది. అబద్ధమన్నాను. "తోట?" అంది. అదీ అబద్ధమన్నాను. "గోడ దొరికింది గదా. ఇంక నీ అబద్ధంతో నాకేం పని?" అని ఒలిచిన కాయలు సగం నా చేతిలో పోసింది.

నేను యార్డులో చేరి ముప్ఫై ఏళ్లయింది. ఎన్ని లారీలు ఎక్కించానో గుర్తులేదు. రాయి పోతుంది, దానితో పాటు దాన్ని చీల్చినవాళ్ల పేరు పోదు. షాపులో దానికి ఇంకో ఊరి పేరు, ఇంకో దేశం పేరు పెడతారు. ఆ రోజు మెహదీపట్నం సందులో మాత్రం అయిదారుగురికి తెలిసింది, ఆ గోడ మార్కాపురానిదని, దాన్ని వినగలిగిన మనిషి మార్కాపురంలో ఉందని. హైదరాబాదులో చూడవలసినవి చాలా ఉన్నాయి, చూడండి. మీ ఊరినుంచి పోయిన వస్తువు కూడా అక్కడ ఎక్కడో ఉంటుంది. ఉల్లిగడ్డో, గొర్రెపిల్లో, నూలుచీరో. అది కనిపిస్తే ఆటో ఆపించండి. అక్కడివాళ్లకు మీ ఊరి పేరు చెప్పండి.

పనికొచ్చే సలహా ఇంకొక్కటి. శ్రీశైలం అడవిదారిలో గేట్లు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తీస్తున్నారు. తిరుగు ప్రయాణంలో హైదరాబాదు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపల కదలండి, లేకపోతే గేటు దగ్గర తెల్లవార్లూ దోమలతో కూర్చోవాలి.

ఇక ఒప్పుకోవలసినవి ఉన్నాయి. చార్మినార్ దగ్గర గార్డు సెల్యూట్ కొట్టలేదు, "జరుగుండ్రి" అని మమ్మల్ని పంపించేశాడు. గోల్కొండ గైడు ఫీజు వద్దనలేదు, పూర్తిగా తీసుకున్నాడు. జహీర్‌కు కళ్లజోడే లేదు. గోడ నిజం, ఫారిన్ మాట నిజం, ముప్ఫై ఒకటీ నిజం. మా వదినది ఎడమచేతి వాటం కాదు, ఆమె కుడిచేతి మనిషి. "ఇది నా చెయ్యే" అని ఆమె అనలేదు, అది నేను కల్పించాను. ఆ నల్ల బిళ్ల అంచును తడిమి, చాలాసేపు చూసి ఆమె నిజంగా అన్నది ఇదీ.

"ఎవరు చీల్చినారో గాని అబ్బయ్యా, బాగ చీల్చినారు."